టన్నును ఘాటెక్కించడానికి ఎన్ని యూనిట్లు?

రాయకోట టమోటా మండీలో తెల్లవారకముందే పని మొదలవుతుంది. వెనక్కి తిప్పి నిలబెట్టిన పికప్పులోకి ఇద్దరు కూలీలు కింది నుంచి క్రేట్లు అందిస్తుంటే, పైనున్న మూడో మనిషి వాటిని వరసగా పేరుస్తుంటాడు. మొదటి రెండు వరసలకు బండిలో చలనం ఉండదు. మూడో వరసకు వెనక భాగం కుంగడం మొదలవుతుంది. నాలుగో వరస పడేసరికి వంపు తిరిగి ఉండాల్సిన కమాన్ పట్టీలు బల్లపరుపుగా సాగుతాయి. డ్రైవరు వంగి, టైరుకూ దాని పైరేకుకూ మధ్య చెయ్యి పెట్టి చూస్తాడు. నాలుగు వేళ్లు దూరుతున్నాయంటే ఇంకో వరస వేయమంటాడు. కాటా దగ్గరికి వెళ్లే పని లేదు, ఆ వేళ్లే అతని తూకం. తాడు బిగించి, టార్పాలిన్ కప్పి, తాళం తిప్పగానే ఒక్క కుదుపుతో నల్లటి పొగ లేస్తుంది. డీజిలు బండి బయల్దేరింది.

ఇక్కడికి ముప్పై కిలోమీటర్ల దూరంలోని హోసూరు ఇవాళ దేశంలో కరెంటు బండ్లకు పెద్ద పుట్టినిల్లు. టీవీఎస్ అక్కడే ఉంది. ఏథర్ స్కూటర్లు అక్కడే తయారవుతున్నాయి. శూలగిరి దగ్గర సింపుల్ ఎనర్జీ ఉంటే, పోచంపల్లి దగ్గర 500 ఎకరాల్లో ఓలా ఫ్యాక్టరీ 2021లో మొదలైంది. కురుబరపల్లి పారిశ్రామికవాడలో డెల్టా కంపెనీ బండ్లకు కావలసిన విద్యుత్ పరికరాలు చేస్తోంది. ఇన్ని కరెంటు బండ్లు చేసే కృష్ణగిరి జిల్లాలో టమోటా, మామిడి, గ్రానైటు పలకలు, ఇనుప విడిభాగాలు మాత్రం చాలావరకు డీజిలు మీదే కదులుతున్నాయి. మనుషుల్ని మోయడానికి బ్యాటరీ చాలుతుందిగానీ బరువు మోయడానికి చాలదన్న నమ్మకం మండీల్లోనూ వర్క్‌షాపుల్లోనూ గట్టిగా పాతుకుపోయింది. 2025 డిసెంబరులో అమెరికాలో ఫోర్డ్ కంపెనీ తన ఎఫ్-150 లైట్నింగ్ ఎలక్ట్రిక్ పికప్పు తయారీని ఆపేసి, వచ్చే తరానికి చార్జింగ్ కోసం పెట్రోలు జనరేటరు తగిలిస్తామని చెప్పడంతో ఆ నమ్మకానికి సాక్ష్యం దొరికినట్టయింది. అంత పెద్ద కంపెనీ వల్లే కాలేదు, మనవల్ల ఏమవుతుందన్నది ఇప్పుడు వినిపిస్తున్న మాట.

ఆ మాట సగమే నిజం. కరెంటు పికప్పుకు బరువు అసలు సమస్య కాదు. దూరం సమస్య, వేగం సమస్య. మన మండీల వైపు నుంచి చూస్తే, లోడు ఎక్కేటప్పుడు బండి ఊరికే నిలబడి ఉండే గంటలను వాడుకోకపోవడం అంతకంటే పెద్ద సమస్య. ఈ మూడింటినీ బరువు ఖాతాలో రాసేయడం వల్లే చర్చ తప్పుదారి పట్టింది.

ఎత్తడం తేలిక, ఈడ్చడం ఖరీదు

కృష్ణగిరి సముద్రమట్టానికి సుమారు 500 మీటర్ల ఎత్తులో ఉంటే, హోసూరు 900 మీటర్లకు దగ్గరగా ఉంటుంది. రెంటి మధ్య ఎన్‌హెచ్ 44 మీద దూరం 50 కిలోమీటర్లు. మేలుమలై, శూలగిరి మీదుగా ఎక్కే ఈ దారిలో లోడు బండ్లు ఎడమవైపు లేనులో, రెండో గేరులో మూలుగుతూ పోవడం అందరూ చూసేదే. ఆ మూలుగు వింటే బరువును పైకి చేర్చడం ఎంత కష్టమో అనిపిస్తుంది. లెక్క వేస్తే కథ వేరు. ఒక టన్ను సరుకును 400 మీటర్ల ఎత్తుకు చేర్చడానికి కావలసిన శక్తి ఒక యూనిట్టు కరెంటుకు కాస్త ఎక్కువ, అంతే. ఇంట్లో ఇస్త్రీపెట్టె గంటసేపు కాల్చేంత. మోటారులో, తీగల్లో పోయే నష్టం కలుపుకున్నా ఒకటిన్నర యూనిట్టు దాటదు.

డీజిలు బండి ఎందుకంత మూలుగుతుందంటే దానికి శక్తి లేక కాదు, ఆ శక్తి సరైన వేగం దగ్గరే దొరుకుతుంది గనుక. ఇంజను ఒక స్థాయికి తిరిగితేగానీ పూర్తి బలం రాదు. అందుకే గేర్లు, అందుకే క్లచ్చు. మిట్టలో ట్రాఫిక్ ఆగి, నిండు లోడుతో మళ్లీ కదలాల్సి వచ్చినప్పుడు క్లచ్చు సగం తొక్కిపట్టి బండిని ముందుకు జరపడం, కాలిన వాసన ముక్కుకు తగలడం పికప్పు నడిపే ప్రతివారికీ తెలుసు. కరెంటు మోటారు ఆగి ఉన్న స్థితిలోనే తన పూర్తి తిప్పుడు బలం ఇస్తుంది. 2022 మేలో వచ్చిన టాటా ఏస్ ఈవీ మోటారు బలం 130 న్యూటన్ మీటర్లు. అదే ఏస్ గోల్డ్ డీజిలు ఇంజనుది 45. గేర్లు ఉన్నందున ఈ రెండు అంకెలను నేరుగా పోల్చడం న్యాయం కాదు, చక్రం దగ్గరికి వచ్చేసరికి తేడా తగ్గుతుంది. అయినా నిండు బండిని మిట్టలో కదిలించే ఆ మొదటి క్షణంలో కరెంటు బండిదే పైచేయి. పైగా కాల్చుకోవడానికి దాంట్లో క్లచ్చు ప్లేటే లేదు.

> కృష్ణగిరి నుంచి హోసూరుకు ఒక టన్ను
>
> 400 మీటర్లు ఎక్కించడానికి: సుమారు 1.1 యూనిట్లు.
> 50 కిలోమీటర్లు రోడ్డు మీద టైర్ల రాపిడికి: సుమారు 1.6 యూనిట్లు.
> నష్టాలు కలుపుకుని: మూడు నుంచి మూడున్నర యూనిట్లు.
> ఇది సరుకు బరువు వల్ల అదనంగా అయ్యే ఖర్చు మాత్రమే. ఖాళీ బండి నడవడానికీ, గాలిని చీల్చుకుపోవడానికీ అయ్యేది వేరు.
> తిరుగు దారిలో లోడుతో దిగితే బ్రేకు వేసినప్పుడల్లా మోటారు జనరేటరుగా మారి, ఎక్కేటప్పుడు పోయినదాంట్లో కొంత బ్యాటరీకి తిరిగి వస్తుంది.

అమెరికా పాఠం సరిగ్గా చదివితే

మరి ఫోర్డ్ ఎందుకు వెనక్కి తగ్గింది? 2019లో ఇదే కంపెనీ తన ఎలక్ట్రిక్ పికప్పు నమూనాతో పది లక్షల పౌండ్లకు పైగా బరువున్న రైలు వ్యాగన్లను లాగించి చూపింది. అంటే 450 టన్నుల పైమాటే. లాగే బలంలో లోటు లేదని అప్పుడే తేలిపోయింది. అయితే ఆ ప్రదర్శన సాగిన దూరం వెయ్యి అడుగులు. కొన్నవారు లాగింది రైళ్లను కాదు, ఇంటి ఎత్తున్న ట్రైలర్లను. గంటకు 110 కిలోమీటర్ల వేగంతో, ఒక రాష్ట్రం నుంచి ఇంకో రాష్ట్రానికి. అలా లాగినప్పుడు ఒక చార్జికి వచ్చే దూరం సగానికి పడిపోయిందని అక్కడి పరీక్షలు పదే పదే చెప్పాయి. ఆ సగాన్ని తినేసింది ప్రధానంగా ట్రైలరు బరువు కాదు, గాలి. వేగం రెట్టింపైతే గాలి ఎదురు నాలుగింతలవుతుంది.

బరువు ఒక్కదాని ప్రభావం ఎంతో తెలిపే పరీక్ష కూడా ఉంది. అమెరికా వాహనదారుల సంఘం ఏఏఏ 2023లో ఇదే లైట్నింగ్ బండి వెనక 1,400 పౌండ్ల ఇసుక బస్తాలు వేసి నడిపింది. సుమారు 635 కిలోలు, ఆ బండి మోయగలిగే గరిష్ఠ బరువుకు కాస్త తక్కువ. ట్రైలరు లేదు. ఖాళీగా 278 మైళ్లు వెళ్లిన బండి లోడుతో 210 మైళ్లు వెళ్లింది. దాదాపు నాలుగో వంతు తగ్గుదల. చిన్నదేమీ కాదుగానీ బండి చేతులెత్తేసేంతా కాదు.

దీన్ని మన దారికి అన్వయిస్తే ఒక విచిత్రం బయటపడుతుంది. గ్రానైటు పలక చదరపు మీటరుకు, 20 మిల్లీమీటర్ల మందంలో, 54 కిలోలు తూగుతుంది. రెండు మీటర్ల వెడల్పు, మూడు మీటర్ల పొడవు పలకలు మూడుంటే చాలు, టన్ను. బండిలో అవి నిలబెట్టినా పక్కకు ఒదిగి ఉంటాయి, గాలికి పెద్దగా అడ్డురావు. అదే కాలీఫ్లవరు గానీ ఖాళీ క్రేట్లు గానీ క్యాబిన్ మీదికి ఎత్తుగా కట్టి హైవేలో 70 మీద తోలితే, బరువు సగం కూడా లేకపోయినా బ్యాటరీ ఎక్కువ కరగవచ్చు. లోడు ఎన్ని కిలోలు అని అడిగినట్టే ఎంత ఎత్తు, ఎంత వేగం అని కూడా అడగాలి. డీజిలు బండికీ ఇదే సూత్రం. అక్కడ బంకు ఎక్కడపడితే అక్కడ ఉంటుంది కాబట్టి ఎవరూ పట్టించుకోలేదు.

హోసూరు చుట్టుపక్కల సరుకు ప్రయాణం అమెరికా ట్రైలరు ప్రయాణం లాంటిది కాదు. సిప్‌కాట్ పారిశ్రామికవాడ ఫేజుల మధ్య, చిన్న చిన్న జాబ్‌వర్క్ షెడ్ల నుంచి పెద్ద ఫ్యాక్టరీల గేట్ల వరకు రోజంతా తిరిగే పోత ఇనుము, గేరు చక్రాలు, నట్లు బోల్టుల ట్రిప్పులు అయిదు నుంచి పదిహేను కిలోమీటర్లు. బరువెక్కువ, దూరం తక్కువ, వేగం అంతకంటే తక్కువ. మామిడి సీజనులో తోటల నుంచి గుజ్జు ఫ్యాక్టరీలకు వెళ్లే తోతాపురి లోడు కూడా అంతే. హోసూరు నుంచి బెంగళూరు మార్కెట్లు 40 కిలోమీటర్లు, దాదాపు సమతలం. బాగలూరు, బేరికె, తళి, డెంకనికోట నుంచి హోసూరు సంతకు వచ్చే కూరగాయలు, గులాబీలదీ ఇదే లెక్క. కరెంటు పికప్పు కోసం ఒక తాలూకా గీయమంటే ఇంతకంటే బాగా గీయలేం.

ప్లేటు మీది బరువు, బండిలోని బరువు

ఇక్కడ ఒక గట్టి అభ్యంతరం ఉంది, దాన్ని పక్కకు నెట్టడం కుదరదు. కాగితం మీద 1,250 కిలోలున్న బండిలో ఎవరూ 1,250 కిలోలు వేయరు. కుంగిన కమాన్ పట్టీలు చెప్పేది అదే. బాడుగ ట్రిప్పుకింత అని మాట్లాడుకుంటారు కాబట్టి రెండు ట్రిప్పుల సరుకు ఒక్క ట్రిప్పులో తెచ్చినవాడిదే లాభం. డీజిలు బండి దీన్ని సహిస్తుంది. పొగ పెంచుతుంది, టైర్లు పగులుతాయి, కమాన్ విరుగుతుంది, కానీ చేరుస్తుంది. కరెంటు బండి అలా కాదు. మోటారు గానీ బ్యాటరీ గానీ వేడెక్కితే కంట్రోలరు దానంతట అదే బలం తగ్గించేస్తుంది. మేలుమలై మిట్టలో నిండు లోడుతో ఉన్నప్పుడు ఆ తగ్గింపు ఎదురైతే డ్రైవరు మళ్లీ ఆ బండి ముఖం చూడడు.

దీనికి జవాబు రెండు వైపుల నుంచి వస్తోంది. ఒకటి, బండ్లు పెరిగాయి. 600 కిలోలతో మొదలైన ఏస్ ఈవీకి రెండేళ్లు తిరిగేసరికి, 2024 మేలో, టన్ను మోసే రకం వచ్చింది. అశోక్ లేలాండ్ కుటుంబంలోని స్విచ్ మొబిలిటీ, దోస్త్, బడా దోస్త్ బండ్ల ఆధారంగా 1.2 టన్నులు, 1.7 టన్నులు మోసే ఐఈవీ3, ఐఈవీ4 తెచ్చింది. క్రేటుకు 25 కిలోల చొప్పున టన్ను బండికి 40 క్రేట్లు, 1.7 టన్నుల బండికి 68 క్రేట్లు. రెండోది, ఓవర్‌లోడు లాభం అనుకున్నంత గొప్పది కాదు. 2019 సవరణ తర్వాత మోటారు వాహనాల చట్టం 194వ సెక్షను కింద జరిమానా 20,000 రూపాయలు, ఆపైన ప్రతి అదనపు టన్నుకు 2,000. పట్టుబడిన ఒక్క రోజు చాలా ట్రిప్పుల మిగులును ఊడ్చుకుపోతుంది. కిలోమీటరు ఖర్చు బాగా తక్కువైన బండిలో రెండు ట్రిప్పులు వేయడానికి అయ్యేది, డీజిలు బండిలో ఓవర్‌లోడు ట్రిప్పు ఒకటి వేయడానికయ్యే ఖర్చును మించకపోవచ్చు. మించేది మనిషి సమయం. ఆ మాట ఒప్పుకోవాలి. తెల్లవారుజామున ధర పలికే మండీలో రెండో ట్రిప్పుకు విలువ తక్కువ. అందుచేత టమోటా మండీ కంటే ముందు ఫ్యాక్టరీ ట్రిప్పులు కరెంటు వైపు మళ్లితే ఆశ్చర్యం లేదు.

> చిన్న బండి, పెద్ద మలుపులు
>
> 2005: టాటా ఏస్. తమిళంలో ‘కుట్టి యానై’, హిందీలో ‘ఛోటా హాథీ’ అని పిలుచుకునే గున్న ఏనుగు.
> 2011: నిస్సాన్‌తో కలిసి అశోక్ లేలాండ్ హోసూరు నుంచి తెచ్చిన దోస్త్.
> 2018: బ్యాటరీతో నడిచే రవాణా వాహనాలకు పర్మిట్ అవసరం లేదని కేంద్రం ప్రకటన. వాటి నంబరు ప్లేటు ఆకుపచ్చ, అక్షరాలు పసుపు.
> 2022: టాటా ఏస్ ఈవీ.
> 2024 అక్టోబరు: మహీంద్రా జియో.
> 2025 జూన్: పెట్రోలు, కరెంటు రెండింటిలోనూ ఏస్ ప్రో.

లెక్క ఎవరికి కుదురుతుంది

ఏస్ ప్రో రాకతో ధరను పోల్చడం సులువైంది. ఒకే బండి, మోసే బరువు 750 కిలోలు. విడుదలైనప్పుడు పెట్రోలుది 3.99 లక్షలు, కరెంటుది 6.50 లక్షలు. తేడా రెండున్నర లక్షలు. ఆ తర్వాత 2025 సెప్టెంబరు 22 నుంచి పెట్రోలు, డీజిలు సరుకు బండ్ల మీద జీఎస్టీ 28 శాతం నుంచి 18కి దిగింది. కరెంటు బండి మీద 5 శాతం అలాగే ఉంది. అంటే కరెంటు బండికి ఉన్న పన్ను మొగ్గు 23 పాయింట్ల నుంచి 13కు తగ్గింది, ధరల తేడా 2.8 లక్షల దాకా పోయింది. మామూలు బండ్లు కొనేవారికి పండగే, కరెంటు వైపు చూస్తున్నవారి కాలు మాత్రం ఒక అడుగు వెనక్కి పడింది.

లీటరుకు 15 కిలోమీటర్లు, పెట్రోలు 102 రూపాయలు అనుకుంటే కిలోమీటరుకు 6 రూపాయల 80 పైసలు. కరెంటు బండికి లోడుతో, చార్జింగ్ నష్టంతో కలిపి కిలోమీటరుకు 0.15 యూనిట్టు, యూనిట్టు 9 రూపాయలు వేసుకున్నా ఒక రూపాయి 35 పైసలు. రోజుకు 80 కిలోమీటర్లు, నెలకు 25 రోజులు తిరిగే బండికి నెలకు దాదాపు 10,900 మిగులు. రెండేళ్ల రెండు నెలల్లో తేడా తీరిపోతుంది, వడ్డీ వేరే. రోజుకు 30 కిలోమీటర్లే తిరిగితే అదే తేడా తీరడానికి ఆరేళ్లకు దగ్గరవుతుంది. అప్పటికి బ్యాటరీ వయసు మీద పడుతుంది, పాత బండి ఎంతకు పోతుందో చెప్పగలిగిన బ్రోకరు ఎవరూ ఉండరు. కరెంటు బండి పేదవాడి బండి అనడం అందుకే తొందరపాటు. అది బాగా తిరిగేవాడి బండి. తిరగకుండా ఇంటి ముందు నిలబడితే దానంత ఖరీదైన అలంకారం లేదు.

మొదట్లో ఏస్ ఈవీలు వెళ్లింది కూడా అమెజాన్, ఫ్లిప్‌కార్ట్, డెల్హివరీ లాంటి కంపెనీల పార్సిళ్లు మోయడానికి. రోజుకు ఎంత తిరుగుతుందో ముందే తెలిసిన బండ్లు అవి, డిపోలో సొంత చార్జరు, పేరున్న కంపెనీ కాబట్టి అప్పు తేలిక. సొంతంగా ఒక్క బండి కొనుక్కుని, దాన్నే నడుపుకుంటూ బతికే మనిషికి ఈ మూడూ లేవు. హోసూరు, కృష్ణగిరిలో పికప్పుల మీద బతికేది ఎక్కువగా ఇతనే.

కరెంటు ఎక్కడ పెట్టాలి

రాత్రి ఇంటి దగ్గర పెట్టుకుంటే సరిపోదా అని అడగవచ్చు. మామూలు 15 ఆంపుల ప్లగ్గు మీద 21 యూనిట్ల బ్యాటరీ నిండడానికి ఆరేడు గంటలు చాలు. తమిళనాడులో చిక్కు బిల్లు దగ్గర వస్తుంది. ఇంటి కరెంటుకు రెండు నెలలకొక బిల్లు, మొదటి 100 యూనిట్లు ఉచితం, వాడకం పెరిగేకొద్దీ స్లాబు పెరుగుతుంది. రోజుకు 12 యూనిట్లు తాగే బండి, రెండు నెలల్లో 50 రోజులు తిరిగితే, 600 యూనిట్లు. ఫ్యాను, టీవీ, మిక్సీతో 200 యూనిట్లలో సర్దుకుంటున్న ఇల్లు ఒక్కసారిగా పై స్లాబుల్లోకి ఎక్కుతుంది. రైతు పంపుసెట్టుకు ఉచిత కరెంటు ఉందిగానీ దాన్ని బండికి వాడటం నేరం. బండికి వేరే మీటరు పెట్టించుకోవడమే మార్గం. అద్దె ఇంట్లో ఉండే డ్రైవరుకు అది ఇంటి యజమాని దయ.

అందుకే రాయకోట మండీ లాంటి చోట, హోసూరు ఉళవర్ సందై పక్కన, సిప్‌కాట్ గేట్ల దగ్గర, గుజ్జు ఫ్యాక్టరీల ముందు చార్జర్లు పెట్టడం ఇప్పుడు జరగాల్సిన పని. ఎక్కించుకోవడానికో దించడానికో పికప్పు రోజూ గంటా రెండు గంటలు కదలకుండా నిలబడుతుంది. మామిడి సీజనులో ఫ్యాక్టరీ ముందు వరసలో నిలబడే సమయం ఇంకా ఎక్కువ. 7 కిలోవాట్లు అందుకోగల బండికి రెండు గంటల్లో 14 యూనిట్లు. 80 కిలోమీటర్లకు పైబడిన దారి. హైవే హోటళ్ల ముందు మెరిసే ఫాస్ట్ చార్జర్లు కార్లలో బెంగళూరు, చెన్నై తిరిగేవారికి పనికొస్తాయి. లోడు బండికి అవి అటు దూరం, ఇటు ఖరీదు.

దీనికి డబ్బు లేదనడానికి వీల్లేదు. 2024 అక్టోబరు 1న అమల్లోకి వచ్చిన పీఎం ఈ-డ్రైవ్ పథకం మొత్తం 10,900 కోట్లు. అందులో చార్జింగ్ కేంద్రాలకే 2,000 కోట్లు, లక్ష్యం 72 వేలకు పైగా చార్జర్లు. అదే పథకం సరుకు మోసే మూడు చక్రాల ఆటోకు రాయితీ ఇచ్చింది. 2025 జులైలో 3.5 టన్నులకు పైబడిన పెద్ద లారీలకు, లారీకి 9.6 లక్షల వరకు, రాయితీ ప్రకటించింది. మధ్యలో ఉన్న పికప్పును మాత్రం వదిలేసింది. జీఎస్టీ 5 శాతమే కదా, పర్మిట్ అక్కర్లేదు కదా, ఇంకేం కావాలని ప్రభుత్వం అనవచ్చు. ఆ వెసులుబాట్లు ధరను కొంత తగ్గించాయిగానీ అప్పు ఇచ్చే ఫైనాన్సు కంపెనీ భయాన్ని తగ్గించలేదు. నగదు రాయితీ ఇవ్వకపోయినా ఫర్వాలేదు. ఒంటరి బండి యజమాని అప్పుకు కొంత పూచీ, మండీలో చార్జరు ఇస్తే చాలు. జిల్లా యంత్రాంగం, సిప్‌కాట్, మార్కెటింగ్ శాఖ కలిసి అడిగితే ఆ 2,000 కోట్లలో ఈ జిల్లాకు రావలసిన వాటా మండీల దాకా రావడం అసాధ్యమేమీ కాదు. స్కూటర్లు చేసే ఫ్యాక్టరీలు కూడా ముందు తమ గేటు లోపలికి వచ్చే విడిభాగాల బండ్లకు ఒక ప్లగ్గు చూపిస్తే బాగుంటుంది.

ఈలోగా బండి మార్చాలా వద్దా అని ఆలోచిస్తున్నవారికి నాలుగు మాటలు. రోజూ 60 నుంచి 100 కిలోమీటర్ల మధ్య, తెలిసిన దారిలో, ప్లేటు మీది బరువుకు లోబడి తిరిగే పని ఉంటే, రాత్రి బండి పెట్టుకునే చోట వేరే మీటరు దొరికితే, కరెంటు పికప్పు కొనుక్కోవచ్చు. శూలగిరి మిట్ట దాన్ని ఆపదు. కొనేముందు కంపెనీ చెప్పే 150, 160 కిలోమీటర్లను మూడింట రెండు వంతులుగా లెక్క వేసుకోండి. మీ సరుకుతోనే, మీ దారిలోనే నడిపి చూపించమని డీలరును అడగండి. బ్యాటరీ వారంటీ కాగితంలో ఓవర్‌లోడు గురించి ఏం రాసి ఉందో చదవండి. చెన్నై కోయంబేడుకు రోజూ లోడు కొట్టేవారైతే, ఈ సంవత్సరానికి డీజిలు బండినే ఉంచుకోండి.